గొట్టం ఆనియ్యకుండ్రి సారు

ఆ రోజు నేను చేసిన తప్పును మైకు పట్టుకొని చేశాను. మామూలుగా నా తప్పులు ఇంటి గుమ్మం దాటవు. మా ఆవిడకు తెలుస్తాయి, ఆమె రెండు రోజులు మాట్లాడదు, మూడో రోజు ఉప్పు అయిపోయిందని చెప్పడంతో అది ముగుస్తుంది. ఇది మాత్రం నాలుగు లౌడ్‌స్పీకర్లలో, మా చర్చి మైదానమంతటికీ, అవతల పరకాల రోడ్డు మీద పోయే బస్సులకు కూడా వినిపించేట్టు చేశాను. "బుగ్గల దుకాణంలో గన్ను గొట్టం వంచి మోసం చేస్తున్నారు. దయచేసి ఎవరూ అక్కడ ఆడవద్దు" అన్నాను. మొదటిసారి సరిగా వినబడలేదేమోనని మళ్లీ ఒకసారి అన్నాను.

మా వైపు బెలూన్లను బుగ్గలంటారు. ఏ జాతరకు పోయినా, ఏ చర్చి పండుగకు పోయినా ఒక చెక్కకు వరుసగా రంగు బుగ్గలు కట్టి, వెనక పరదా లాగి, ఎయిర్ గన్నుతో కొట్టించే దుకాణం ఒకటి ఉంటుంది. మా విచారణలో, అంటే మా చర్చి పారిష్‌లో, మరియమాత పండుగ మూడు రోజులు చేస్తాం. కమిటీలో నాకు రెండు పనులు అప్పగించారు. దుకాణాలకు జాగా చూపించడం ఒకటి, మైకులో మాట్లాడడం ఒకటి. ఈ రెండూ ఒకే మనిషి చేతిలో పెట్టకూడదని ఇప్పుడు నాకు తెలుసు.

బుగ్గల దుకాణం నడిపే ఆమెకు నలభై ఏళ్లుంటాయి. భర్తకు గుండె ఆపరేషన్ అయి ఇంట్లో ఉంటే, ఒక్కతే సామాను ఆటోలో వేసుకొని పండుగ నుంచి పండుగకు తిరుగుతుంది. గేటు పక్కన జాగా ఇచ్చింది నేనే. రెండు గుంజలు పాతి, వాటి నడుమ నడుమెత్తున ఒక ఇనుప పైపు అడ్డంగా కట్టింది. ఆ పైపు ఇవతల నిలబడి కొట్టాలి. ఏడెనిమిది గజాల అవతల బుగ్గలు. గన్ను పాతది. గుండు పెట్టాలంటే గొట్టాన్ని మధ్యలో విరిచినట్టు కిందికి వంచాలి, వెనక నుంచి గుండు దోపి మళ్లీ టక్కున మూయాలి. పది గుండ్లకు పది బుగ్గలు పగిలితే స్టీలు టిఫిన్ డబ్బా బహుమానం.

మొదటి రోజు ఎండ తగ్గాక మా ఆవిడ, ఆమె తమ్ముడు, నేను ఆ దుకాణం ముందుకు వచ్చాం. మా బామ్మర్ది పరకాలలో బస్సుల మెకానిక్. శబ్దం లేకుండా నవ్వడం అతని అలవాటు. భుజాలు కదిలితేనే తెలుస్తుంది.

"ఏం బావా, నీ ఎన్‌సీసీ సర్టిఫికెట్టు ఇంక నడుస్తాందా, డేటు అయిపోయిందా?" అన్నాడు.

డిగ్రీ చదివేటప్పుడు నాకు కాలేజీల మధ్య రైఫిల్ పోటీలో రెండో బహుమతి వచ్చింది. ఆ సంగతి నేను మా పెళ్లిలో చెప్పాను, అతని పెళ్లిలోనూ చెప్పాను. అతని కూతురు ఓణీల ఫంక్షన్‌లో కూడా చెప్పానని మా ఆవిడ అంటుంది. అది నాకు గుర్తులేదు.

గన్ను తీసుకున్నాను. ఆమె గుండు దోపి ఇస్తూ, "బుగ్గ కింది అంచుకు గురి వెట్టుండ్రి సారు, నడుమల తాకుతది" అంది. నిలబడి, ఎడమ అరచేతిలో గన్ను కట్టె ఆనించుకొని కొట్టాను. ఐదు గుండ్లకు ఐదు బుగ్గలు పగిలాయి. మా విచారణ వాళ్లు పదిహేను మంది దాకా మూగారు. ఎవరో చప్పట్లు కొట్టారు. మా ఆవిడ టిఫిన్ డబ్బా వైపు చూసింది. మా ఇంట్లో అలాంటివి నాలుగు ఉన్నాయి. అయినా చూసింది.

అక్కడ ఆపి ఉంటే బాగుండేది. కానీ చేతులు వణకడం మొదలైంది. యాభై నాలుగేళ్ల చేతులు. నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. వణుకు తగ్గితే గురి పెరుగుతుందని తెలియడానికి ఫిజిక్స్ కూడా అక్కర్లేదు. ఎన్‌సీసీలో ఇసుక బస్తా వెనక పడుకొని కొట్టేవాళ్లం. ఇక్కడ బస్తా లేదు గాని ఇనుప పైపు ఉంది. గొట్టాన్ని పైపు మీద పెట్టి, దాని మీద నా ఎనభై ఆరు కిలోలూ వాల్చాను.

"గొట్టం పైపుకు ఆనియ్యకుండ్రి సారు. చేతులనే పట్టుండ్రి" అంది ఆమె.

"ఎందుకమ్మా, ఆనిస్తే డబ్బా పోతదని ఫికరా?"

"ఫికరు గాదు సారు. తాకయి."

"నాకు చెప్తున్నవా?"

ఆమె గుండు దోపి ఇచ్చింది. ఆరో గుండు బుగ్గ పైనుంచి పోయి పరదాకు తగిలింది. ఏడోది కూడా అంతే. ఎనిమిదికి ఇంకా గట్టిగా వాలాను, ఇంకా పైకి పోయింది. తొమ్మిది, పది కూడా పరదాలోకే.

"పరదాకు మాత్రం ఒక్కటి గూడ తప్పుతలేదు బావా" అన్నాడు మా బామ్మర్ది. అతని భుజాలు కదులుతున్నాయి.

మనిషి తప్పు చేశాక కాస్త ఆలోచిస్తాడంటారు. నేను ఆలోచించాను, అదే ముప్పు అయింది. ఐదు గుండ్ల దాకా బాగున్న గన్ను ఆరో గుండుకు ఎలా చెడిపోతుంది? ప్రతిసారీ గొట్టం విరిచి గుండు పెట్టేది ఆమె. డబ్బా పోతుందని తెలిసేసరికి ఆరోసారి బొటనవేలితో ఏదో చేసింది. అందుకే గొట్టం ఆనించవద్దని ముందే అంది, నేను కనిపెడతానని. నాకు అంతా స్పష్టంగా కనిపించింది. గొట్టంలోంచి ఒక కన్నుతో చూసి వంకర కూడా కనిపెట్టాను.

"గన్ను ఏం చేసినవ్?" అన్నాను.

"ఏం జెయ్యలె సారు."

"మరి ఐదు దాకా మంచిగ తాకింది కదా?"

"గన్ను గదే సారు. మీరు పట్టుడు మారింది."

జరిగినదంతా ఆమె ఆ ఒక్క మాటలో చెప్పేసింది. ఇరవై ఎనిమిదేళ్లుగా పిల్లలకు పాఠం చెప్తున్న నాకు అది ఎదురు జవాబులా వినిపించింది. నేరుగా మైకు దగ్గరికి పోయాను.

నా ప్రకటన విని వాలంటీర్లు నలుగురు వచ్చారు. పండుగలో ఉత్సాహంగా ఉన్న పిల్లలు. పరదా విప్పారు, చెక్క దించారు, గన్ను తీసుకెళ్లి పారిష్ హాల్లో పెట్టారు. ఆ తొందరలో బుగ్గలకు గాలికొట్టే పంపును ఒకడు తొక్కాడు. అది రెండు ముక్కలైంది. ఆమె అరవలేదు. నా దగ్గరికి వచ్చి, "సారు, మూడు దినాలుంటనని వచ్చిన. ఆ పైసలు పోతె పోనియ్యుండ్రి. ఈడ దొంగ అని పేరువడితె ముందల ఏ జాతరల నాకు జాగ ఇస్తరు?" అంది.

"అది ముందే ఆలోచించాల్సింది" అన్నాను.

ఇది రాయడానికి నాకు కష్టంగా ఉంది. మైకులో అన్న మాట కోపంలో అన్నది. ఈ మాట చల్లగా అన్నాను.

నేను మైకు పట్టుకున్నప్పుడు ఎవరో వీడియో తీశారు. పొద్దుగూకే లోపే అది పది వాట్సాప్ గ్రూపులు తిరిగింది. పాలంపేట వైపు ఒక చర్చి కమిటీ పెద్దమనిషి ఫోన్ చేశాడు. వచ్చే వారం వాళ్ల పండుగ. "సారు, ఆమె మా దగ్గర గూడ జాగ అడిగింది. మంచిగ చెప్పిండ్రు. వద్దంటం" అన్నాడు. మంచి పని చేస్తున్నారని ఆయన్ను మెచ్చుకున్నాను.

మరుసటి ఉదయం పూజ అయ్యాక మా ఫాదర్ గారు పిలిచారు. వయసులో నాకంటే ఇరవై ఏళ్లు చిన్న. నెమ్మదిగా మాట్లాడతారు, అందువల్ల తప్పించుకోవడం కష్టం.

"సారు, ఆమె పొద్దున్నుంచి హాలు మెట్ల మీద కూసున్నది. గన్ను వంకరుంటె నాకు చూపెట్టుండ్రి, పంపిచ్చేద్దాం. లేకుంటె ఏం జేద్దామో మీరే చెప్పుండ్రి."

"చూపిస్తాను ఫాదర్" అన్నాను. చాలా ధైర్యంగా అన్నాను.

హాలు వెనక ప్రహరీ గోడకు ఇసుక నింపిన సిమెంటు సంచులు రెండు పేర్చాం. వాటి మీద పండుగ పోస్టరు అంటించాం. పోస్టరులో పైన ఫాదర్ గారి ఫొటో, కింద వరుసలుగా కమిటీ వాళ్లం. నా ఫొటో సరిగ్గా ఫాదర్ గారి కింద, జానెడు దూరంలో ఉంది. వేరేవాళ్ల మొహానికి గురిపెట్టడం మర్యాద కాదని నా ఫొటో కింది అంచుకే గురి పెట్టాను. ఏడు గజాలు కొలిచి నిలబడ్డాను. గుండు పెట్టింది కూడా నేనే. ఆమె మెట్ల మీద ఉంది, ఆమె బొటనవేలు ఇక్కడికి రాదు.

నిలబడి, చేతిలో పట్టుకొని ఐదు కొట్టాను. మా బామ్మర్ది పోయి చూసి వచ్చాడు. "నీకే తాకినయ్ బావా. నుదురు, ముక్కు, టై, రెండు చెవులు."

"చూశారా ఫాదర్, ఇప్పుడు బాగానే ఉంది. నిన్న ఆమె..." అని మొదలుపెట్టాను.

"నిన్న లెక్కనే కొట్టుండ్రి సారు" అన్నారు ఫాదర్ గారు.

హాల్లోంచి ఒక ఇనుప కుర్చీ తెప్పించి, దాని వీపు మీద గొట్టం పెట్టి, నిన్నటిలాగే వాలాను. గుండు నేనే పెట్టుకొని, గురి కూడా అక్కడికే చూసుకొని ఐదు కొట్టాను. ఈసారి ఫాదర్ గారే పోయి చూశారు. కాగితం ముందు కాసేపు నిలబడ్డారు.

"మూడు నాకు తాకినయి. రెండు 'ఆహ్వానం' అన్న అక్షరాల మీదికి పోయినయి" అన్నారు.

 మా బామ్మర్ది గన్ను తీసుకొని, గొట్టం మడత పడే కీలు దగ్గర బొటనవేలితో పైకి నొక్కి చూశాడు. బస్సు స్టీరింగు చూసినట్టు చూశాడు.

"బావా, ఇటు రా. గొట్టం వంకర లేదు. ఈ కీలు కాడ జర ప్లే ఉన్నది, కదులుతాంది. చేతుల పట్టుకుంటె గొట్టం దానంతల అది కూసుంటది. నువ్వు గొట్టం కింద ఇనుము పెట్టి ఎనక నుంచి పండినవ్. అది పైకి లేవకుంట ఏం జేస్తది?"

"ఎంత లేస్తది? ఎంట్రుక మందం."

"ఈడ ఎంట్రుక మందం. ఆడికి పోయేటాళ్లకు జానెడు."

ఇది నేను ప్రతి ఏడూ జూలైలో బోర్డు మీద గీసి చెప్పే పాఠం. కోణం చిన్నదైనా దూరంతో పాటు పక్కకు పోవడం పెరుగుతుందని. బస్సుల మెకానిక్ జూలై కాకుండానే చెప్పాడు.

ఇంకొకటి కూడా ప్రయత్నించాం. కుర్చీ వీపు మీద నా అరచెయ్యి పెట్టి, ఆ చేతిలో గన్ను కట్టె భాగాన్ని ఉంచి, గొట్టాన్ని దేనికీ తగలనివ్వకుండా కొట్టాను. గుండ్లు మళ్లీ నా ఫొటోకే తగిలాయి. లోపల స్ప్రింగు కొట్టినప్పుడు గన్ను చిన్నగా ఎగురుతుంది. ఇనుము మీద ఉంటే ఎగిరి పడుతుంది, అరచేతిలో ఉంటే ప్రతిసారీ ఒకేలా సర్దుకుంటుంది. కింద ఆధారం ఉండడం తప్పు కాదు. అది ఎక్కడ, ఎలాంటిది అన్నదే సంగతి. అప్పుడు నాకు మా ఎన్‌సీసీ హవల్దారు గుర్తొచ్చాడు. ఇసుక బస్తా మీద రైఫిలు పెట్టినవాడి మణికట్టు మీద కర్రతో తట్టి, బస్తా చేతికి, రైఫిలుకు కాదు అనేవాడు. నా మణికట్టు మీద కూడా తట్టాడు. ఆ మాట మరిచిపోయి, సర్టిఫికెట్టును మాత్రం ముప్పై ఏళ్లుగా గుర్తుపెట్టుకున్నాను.

"ఫాదర్, పాపసంకీర్తనం చెప్పుకోవాలె" అన్నాను.

"చెప్పుకుందురు. కాని నా చెవుల గుసగుస చెప్తె ఆమెకేం తెలుస్తది? ముందు మైకుల చెప్పుండ్రి. నా దగ్గరికి తర్వాత రాండ్రి."

ఇంటికి పోయి ప్రకటన రాసుకున్నాను. "నిన్న కొన్ని సాంకేతిక కారణాల వల్ల బుగ్గల దుకాణం విషయంలో పొరపాటు అభిప్రాయం ఏర్పడినందుకు కమిటీ చింతిస్తున్నది." బాగానే కుదిరిందనిపించింది. మా ఆవిడకు చదివి వినిపించాను. ఆమె చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది.

"ఇందుల నువ్వు యాడున్నవ్?" అంది.

"కమిటీ అంటే నేనే కదా."

"మోసం జేస్తాంది అన్నప్పుడు కమిటీ అన్లేదు. నువ్వే అన్నవ్. సాంకేతిక కారణం అంటె ఎవలు? గా ఇనుప పైపా?"

ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. మైదానం నిండా జనం వచ్చాక మైకు తీసుకొని, కాగితం లేకుండా చెప్పాను. నిన్న నేను ఆమెను దొంగ అన్నాను. ఆమె మోసం చేయలేదు. గన్నును ఎలా పట్టుకోవాలో ఆమె ముందే చెప్పింది, నేను వినలేదు. తప్పు గన్నుది కాదు, ఆమెది కాదు, నాది. నిన్నటిలాగే రెండుసార్లు చెప్పాను. రెండోసారి చెప్తుంటే 'నాది' అన్న మాట సగంలోనే ఆగింది. మైకు ఖరాబైందనుకొని ఆపరేటరు వచ్చి వైరు కదిలించాడు.

తర్వాత గన్ను పట్టుకొని మెట్ల దగ్గరికి పోయాను. "అమ్మా, కీలు దగ్గర కొంచెం లూజుంది" అన్నాను.

"గన్ను నాది సారు. నాకు తెల్వదా? అందుకనే కదా ఆనియ్యద్దన్న" అంది.

"నన్ను క్షమించాలి."

"మైకుల అన్నరు కదా, ఇన్న. మీ పోరగాండ్లు పంపు తొక్కిండ్రు. డెబ్బై బుగ్గలున్నయి. ఎవలు ఊదాలె?"

హనుమకొండకు పోయి కొత్త పంపు తెచ్చేందుకు మా బామ్మర్ది బండి తీశాడు. అతను వచ్చేదాకా నేను స్టూలు మీద కూర్చొని నోటితో ఊదాను. పన్నెండో బుగ్గకు చెవుల్లో గాలి తిరిగింది. ఇరవయ్యో బుగ్గకు నాకు ఇద్దరు ఫాదర్ గార్లు కనిపించారు. జనం బాగా వచ్చారు. సగం మంది బుగ్గలు కొట్టడానికి, సగం మంది నేను ఊదడం చూడడానికి. ఎవరో పైపు మీద గొట్టం పెట్టబోతే నేను బుగ్గ వదిలేసి లేచి, కీలు, కోణం, స్ప్రింగు అంతా వివరించాను. అతను విని, అరచేతిలో పట్టి పదికి పది కొట్టి డబ్బా తీసుకుపోయాడు. రెండో వాడికి వివరించేందుకు లేస్తుంటే ఆమె నా భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది.

"సారు, మీరు ఊదుండ్రి. చెప్పుడు నేను చెప్త."

కానీ ఆమె పేరు ఇంకా బాగుపడలేదు. పాలంపేట వైపు కమిటీ ఆయనకు ఫోన్ చేస్తే, "నిన్న మీరే కద సారు చెప్పింది. ఇయాల ఎవరన్న చెప్పుమన్నరా?" అని అనుమానపడ్డాడు. ఫోన్లో ఎంత చెప్పినా ఆయనకు నిన్నటి వీడియోనే బలంగా కనిపించింది. జాగా ఇవ్వమని తేల్చేశాడు.

వాళ్ల పండుగకు ముందు రోజు సెలవు పెట్టాను. ఆమెను, సామానును మా బామ్మర్ది స్నేహితుని ఆటోలో ఎక్కించుకొని పోయాం. కీలు బిగిస్తానని మా బామ్మర్ది అంటే, ఒక్క రోజు ఆగమన్నాను. వాళ్ల చర్చి ముందు పైపు కట్టించి, కమిటీ వాళ్లు ఆరుగురిని వరుసగా నిలబెట్టి, అరచేతిలో పట్టి ఐదు కొట్టాను. నాలుగు పగిలాయి, ఒకటి భయంతో తప్పింది. ఆ తర్వాత గొట్టం పైపు మీద పెట్టి, కడుపుతో సహా వాలి, ఐదింటికి ఐదూ తప్పించి చూపించాను. గుండు పెట్టింది వాళ్ల కమిటీ ఆయనే. ఆయన ఒకసారి నవ్వాపుకోలేక పక్కకు తిరిగాడు. తర్వాత తాను కూడా రెండు రకాలుగా కొట్టి చూసి, గన్ను ఆమె చేతికిచ్చి, "గేటు పక్కన పెట్టుకో బిడ్డా" అన్నాడు. నేను ఆయన ఫోన్ తీసుకొని, నా మైకు వీడియో ఏ ఏ గ్రూపుల్లోకి పోయిందో అడిగి, అక్కడ ఒకరు తీసిన నా తప్పిన ఐదు గుండ్ల వీడియోను వాటన్నిటిలో వేయించాను. గేటు దగ్గర నేల గట్టిగా ఉంది. బామ్మర్ది కీలు బిగిస్తుంటే నేను గడ్డపార తీసుకొని, ఆమె చూపించిన చోట గుంజలకు గుంతలు తవ్వాను.